పీచు వాలు

మొదట గడ్డి తీశారు.
తీశారనడం మర్యాదకి. తోలు ఒలిచారు.
టార్నీట్‌లో ఏడేళ్లు మేం నీళ్లు పోసి పెంచిందంతా
ఒక్క పూటలో చాపల్లా చుట్టి స్కిప్‌లో పడేశారు,
వేళ్లకి వేలాడుతూ ఇంకా వానపాములు.

కింద మట్టి.
ఎండితే చెయ్యి దూరేంత బీట,
తడిస్తే చెప్పు వదలని బంక.
దాని కింద ఎప్పటిదో లావా,
చిల్లులు చిల్లులుగా, మాడిన అట్టులా.
"ఈ నేల కదుల్తుంది," అన్నాడు సియోనే,
"వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది.
బాగా తొక్కకపోతే వచ్చే ఏడాదికి
మీ కోర్టు మీద అలలు లెక్కపెట్టుకోవాలి."

కంకరపొడి పోశారు, నాలుగంగుళాల మందం.
కంపాక్టరు మొదలెట్టగానే
వంటింట్లో గిన్నెలన్నీ పేరంటానికొచ్చినట్టు
ఒకేసారి మాటల్లో పడ్డాయి.
పక్కింటి కార్మెను ఫెన్సు మీంచి తల పెట్టి
"గడ్డేం పాపం చేసింది?" అని అడిగి
జవాబు వినకుండా
నాలుగు నిమ్మకాయలు నా చేతిలో పెట్టి పోయాడు.

గీతల దగ్గరొచ్చింది పేచీ.
భానుమూర్తికి క్రికెట్ క్రీజు,
మేదినికి నెట్‌బాల్ అర్ధచంద్రం.
ఇద్దరూ సియోనేని చెరో చెవీ పట్టుకుని లాగుతుంటే
అతను తప్పించుకోడానికో ఏమో నావైపు తిరిగి
"మీకేం గీత కావాలమ్మా?" అన్నాడు.

నోరు జారింది.
టెన్నికాయిట్.

అదేంటన్నారు ముగ్గురూ.
డోర్నకల్ రైల్వే స్కూలు. సున్నం గీతలు.
చున్నీ నడుముకి బిగించి, ఎర్ర రబ్బరు రింగు
గాల్లో వణుకుతూ వస్తుంటే
ఒంటి చేత్తో పట్టాలి, అదే చేత్తో విసరాలి.
రెండో చెయ్యి తగిలితే ఫౌలు.
జిల్లా సెమీస్ దాకా వెళ్లాను.
పద్దెనిమిదేళ్ల కాపురంలో
ఈ మాట రావాల్సిన సందర్భం రాలేదంతే.

నలభై అడుగుల పొడవు, పద్దెనిమిది వెడల్పు,
నెట్టుకి అటూ ఇటూ మూడేసి అడుగులు
ఎవరిదీ కాని జాగా.
కొలతలు నాకు గుర్తున్నందుకు నేనే ఉలిక్కిపడ్డాను.
సియోనే నవ్వలేదు. చెవి మీద పెన్సిల్ తీసి రాసుకున్నాడు.

మర్నాడు పచ్చ చుట్టలు విప్పి పరిచారు.
పీచంతా ఒక్కవైపే వాలాలిట, ఇంటి వైపు.
ఒక్క ముక్క ఎదురు తిరిగినా
కిటికీలోంచి చూస్తే రెండు రంగులు.
అతుకుల కింద జిగురు, మీద రెండు టన్నుల ఇసుక,
పచ్చలో కోసి పొదిగిన తెల్ల గీతలు:
వాళ్లవి లావు, నావి సన్నం.

మూడోరోజు మాగ్‌పై వచ్చింది.
తల ఒక పక్కకి వంచి నేలని విన్నది.
ఒక్కసారి పొడిచింది.
నన్ను చూసింది.
మళ్లీ రాలేదు.

గడ్డే లేనప్పుడు గొట్టమెందుకని
తోటగొట్టం చివర రెండున్నర జానలు కోసి
రెండు కొసల్లో చెక్కముక్క దూర్చి, టేపు చుట్టి
రింగు చేశాను.
మేదిని రెండు చేతులతో పట్టుకుంది.
"ఫౌల్!"
ఆ కేక నాదే. మా ఇంట్లో ఎవరూ ఎరగని గొంతు.
అవతల కార్మెను గునపం ఆగింది.
భానుమూర్తి టీ కప్పు గట్టు మీద పెట్టి
అవతలి కోర్టులోకొచ్చి నిలబడ్డాడు,
ఏ చేత్తో పట్టాలో అడుగుతూ.

ఇప్పుడు జనవరి. నలభై రెండు డిగ్రీలు.
ప్లాస్టిక్ కాలుతోంది, అరికాలు పెట్టనివ్వదు.
సాయంత్రం ఆడాలంటే నీళ్లు చల్లాలని
సియోనే మెసేజ్.
పచ్చరంగుకి నీళ్లు పోస్తున్నాను,
నవ్వేవాళ్లు నవ్వుకోండి.
దూరపు మూలకి గొట్టం అందదు, సరిగ్గా
రెండున్నర జానలు తక్కువ.
బొటనవేలితో మూతి నొక్కి, మణికట్టు తిప్పి
ధారని విసురుతాను
ఒంటి చేత్తో.
కాస్త ఫెన్సు దాటి
కార్మెను నిమ్మచెట్టు మీద పడితే పడనీ.